పూరీ కాదు, డప్పు

ముందుగా చూసింది మా అమ్మాయి. పోయినేడాది మే నెలలో బెజవాడలో బంధువుల పెళ్ళి. కల్యాణమండపం దగ్గర నీడ దొరక్క కారును ఎండలోనే వదిలేసి, భోజనాలయ్యాక మూడు గంటలకు వచ్చి తలుపు తీశాం. కొలిమి మూత తీసినట్టు సెగ కొట్టింది. ఏసీ వేసి, చల్లబడేదాకా బయటే నిలబడ్డాం. అద్దంలోంచి తొంగి చూసిన పిల్ల "నాన్నా, డ్యాష్‌బోర్డు పూరీలా పొంగింది" అంది.

నిజమే. ముందు అద్దం కింద, గాలి వచ్చే జాలీల పక్కన, రెండు జానల పొడవున తోలు పైకి లేచి ఉంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది, వేలు తీయగానే మళ్ళీ లేస్తోంది. మీటర్ల మీద గొడుగు పట్టినట్టుండే వంపు పక్కన ఇంకో చిన్నది. ఎడమవైపు, ఎయిర్‌బ్యాగ్ అని అక్షరాలు ఉన్నచోట, అరచేయంత మూడోది. ఎనిమిదేళ్ళ కారు, హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. కొనడానికి ఉన్న కారణాల్లో ఆ కుట్లు వేసిన తోలు డ్యాష్‌బోర్డు కూడా ఒకటని ఒప్పుకోవడానికి మాత్రం ఇప్పుడు కాస్త సిగ్గుగా ఉంది.

సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే, మొత్తం డ్యాష్‌బోర్డు మార్చాలన్నారు. వాళ్ళు చెప్పిన అంకెకు మంచి సెకండ్‌హ్యాండ్ స్కూటర్లు రెండు మూడు వస్తాయి. ఇక మిగతా లోకమంతా, అంటే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మొదలుకొని ఆఫీసులో మేనేజర్ దాకా, ఒకటే సలహా ఇచ్చింది. సూదితో గుచ్చి గాలి తీసెయ్యి, లోపలికి జిగురు ఎక్కించు, బరువు పెట్టు. అయిపోయింది.

ఆ సలహా తప్పు. ఎందుకు తప్పో తెలుసుకోవడానికి నాకు ఒక ఆదివారం, ఒక సిరంజి, రెండు కిలోల కందిపప్పు ఖర్చయ్యాయి.

మా బావమరిదికి ఏ పనికైనా ఫోన్‌లో ఒక వీడియో దొరుకుతుంది. "బావా, అరగంట పని" అంటూ వచ్చాడు. మందుల షాపులో లావు సూది ఉన్న సిరంజి తెచ్చాం. చెప్పులు కుట్టేవాళ్ళు వాడే పసుపచ్చటి జిగురు తెచ్చాం. అది సూదిలోంచి దిగకపోతే థిన్నర్ కలిపి పలచన చేశాడు. కుట్టు పక్కన కనపడనిచోట గుచ్చి, లోపలికి ఎక్కించి, అరచేత్తో అదిమి, పైన ఒక బట్ట పరిచి, దాని మీద కిలో కందిపప్పు ప్యాకెట్లు రెండు పెట్టాం. ఇసక మూట పెట్టమని వీడియోలో ఉంది, ఇంట్లో ఇసక ఎక్కడుంది? సాయంత్రం తీస్తే బల్లపరుపుగా ఉంది. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం, చప్పట్ల బొమ్మలు పడ్డాయి. మా ఆవిడ ఆ పప్పు డబ్బాలో పోస్తూ పెట్రోలు వాసన వస్తోందని పారబోసింది.

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసు బయట కారు తీసేసరికి బొబ్బ మళ్ళీ లేచింది. ఈసారి ఒంటరిగా లేవలేదు. లోపల గట్టిపడిన జిగురు ముద్ద ఒకటి గోళీలా తగులుతోంది, సూది గుచ్చినచోట గోధుమరంగు మచ్చ పడింది.

ఎందుకిలా అయిందో తర్వాత అర్థమైంది. ఆ పసుపు జిగురు రెండువైపులా పూసి, అందులోని సాల్వెంట్, అంటే దాన్ని పలచగా ఉంచే ద్రవం, అంతా ఎగిరిపోయాక, వేలి వెనక తాకితే అంటుకోనంతగా ఆరాక, అప్పుడు రెండు ముఖాలనూ కలిపితే పట్టుకునే రకం. చెప్పులు కుట్టేవాళ్ళను చూడండి, పూసి పక్కన పెట్టి ఇంకో చెప్పు పని చూసుకుంటారు. ఆ ఆగడంలోనే పనంతా ఉంది. మూసి ఉన్న బొబ్బలోకి జిగురు ఎక్కిస్తే సాల్వెంట్ పోవడానికి దారేది? అది లోపలే ఉండి తోలు కింద మెత్తగా ఉండే ఫోమ్‌ను నానబెడుతుంది, పైనున్న రంగును మెత్తబరుస్తుంది, మర్నాడు ఎండలో ఆవిరై తోలును తనే పైకి తంతుంది. పైగా లోపల పాత జిగురు పొడి, చివికిన ఫోమ్ పొడి ఉన్నాయి. పొడి మీద పూసిన జిగురు పొడినే పట్టుకుంటుంది. రూపాయి బిళ్ళంత బొబ్బ అయితే, కింద ఫోమ్ గట్టిగా ఉంటే, సూది పని నిలబడవచ్చు. జానెడు బొబ్బకు నిలబడదు.

అప్పుడు ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ ఇంజను విప్పేవాళ్ళు, లారీ బాడీ కట్టేవాళ్ళు, టింకరింగ్ వాళ్ళు, ఎవరి వీధి వాళ్ళది. సీట్లు కుట్టే ఒక పెద్దాయన షెడ్డు దొరికింది. ఆయన బొబ్బను నొక్కి చూడలేదు. నేరుగా జాలీని చిన్న ప్లాస్టిక్ చెక్కతో లేపి, దాని కింద మడిచి ఉండాల్సిన తోలు అంచును చూపించాడు. అంచు అక్కడ లేదు. పావు అంగుళం వెనక్కి జరిగి ఉంది. పాత జిగురు గీత మాత్రం, వరద తగ్గాక గోడ మీద మిగిలిన నీటి గుర్తులా, అది ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేదో చెబుతోంది.

"ఇది పొంగలేదు సార్, బిగుసుకుంది" అన్నాడు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాట. మనమంతా దాన్ని పూరీ అనుకుంటున్నాం. లోపల గాలి చేరింది, ఆ గాలి తీసేస్తే సరి అనుకుంటున్నాం. ఆయన చెప్పింది దానికి సరిగ్గా తిరగేసిన సంగతి. డ్యాష్‌బోర్డు మీద అద్దం వైపు ఒక పల్లం ఉంది. ఆ పల్లంలోకి తోలును వంచి అతికించారు. ఏళ్ళ తరబడి ఎండకు తోలు కుంచించుకుపోయింది. కుంచించుకుపోయిన తోలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దగ్గరి దారి వెతుక్కుంటుంది. జిగురు వదిలిన రోజు పల్లాన్ని విడిచి, పైన వంతెనలా నిలబడుతుంది. మనకు బయటి నుంచి అది ఉబ్బులా కనపడుతుంది. అక్కడ తోలు ఎక్కువై లేవలేదు, తక్కువై లేచింది.

డప్పు తెలిసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఊరేగింపుకు ముందు గడ్డిమంట వేసి డప్పులు కాచడం చూసే ఉంటారు. వానాకాలం గాలికి చెమ్మగిల్లిన డప్పు బొదబొదమంటుంది. మంట సెగ తగిలి చెమ్మ పోతే చర్మం బిగుసుకుని ఖంగుమని మోగుతుంది. డప్పుది పచ్చి చర్మం, కారుది ఊనిన తోలు, అంటే బెరడుతోనో రసాయనాలతోనో పదును చేసింది, రెండూ ఒకటి కావు. కానీ స్వభావం పోదు. మామూలు వాతావరణంలో తోలు బరువులో పది శాతానికి పైగా నీరే ఉంటుంది. వేడికి ఆ నీరు పోతే పోగులు దగ్గరికి జరుగుతాయి. రాత్రి కృష్ణ మీది నుంచి వచ్చే తేమకు కొంత నీరు మళ్ళీ ఎక్కుతుంది, తోలు కాస్త సడలుతుంది, మర్నాడు మళ్ళీ కాగుతుంది. ఇలా రోజూ కాచే డప్పును మనం ముందు అద్దం కింద పెట్టుకుని తిరుగుతున్నాం. పొద్దున చూస్తే బొబ్బ తగ్గినట్టు, మధ్యాహ్నం పెరిగినట్టు ఎందుకు ఉంటుందో దీనితో అర్థమవుతుంది.

పూరీ వాదంలో నిజం బొత్తిగా లేదనను. తోలు ఒకసారి లేచాక కింద చేరిన గాలి కూడా వేడెక్కి పెరుగుతుంది. ముప్పై డిగ్రీల నుంచి డెబ్బైకి పోతే సుమారు ఎనిమిదో వంతు పెరుగుతుంది, అంతే. అది ఉన్న సందును కాస్త పెద్దది చేస్తుంది గానీ, సందును పుట్టించదు.

డెబ్బై డిగ్రీలు అతిశయోక్తి అనుకోవద్దు. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు టెంపి పట్టణంలో, 37 డిగ్రీలు దాటిన ఎండల్లో, కార్లను ఎండలోనూ నీడలోనూ పెట్టి కొలిచారు. గంట ఎండలో ఉన్న కార్లలో లోపలి గాలి సగటున 47 డిగ్రీలు, సీట్లు 51, స్టీరింగ్ 53. డ్యాష్‌బోర్డు 69. నీడలో పెట్టిన వాటిలో డ్యాష్‌బోర్డు 48. మన దగ్గర 44, 45 డిగ్రీల రోజులు కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న ఊళ్ళు మనవి, జిగురు పొర ఎంత? మామూలు రకం జిగుర్లు చాలావరకు సరిగ్గా ఆ అరవై, డెబ్బై డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి. ఒకపక్క తోలు లాగుతుంటే, మరోపక్క జిగురు చెయ్యి వదులుతుంటుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఈ నష్టమంతా అతినీలలోహిత కిరణాల వల్ల అని చెప్పి డ్యాష్‌బోర్డుకు సన్‌స్క్రీన్ లాంటి స్ప్రేలు అమ్ముతారు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది. ఆ కిరణాల్లో అత్యధిక భాగాన్ని ఆ పొరే ఆపేస్తుంది. తోలును కాచేది వేడి. స్ప్రేతో వేడి ఆగదు. పైగా వాటిలో చాలావాటిలో సిలికోన్ ఉంటుంది. అది కుట్లలోంచి, అంచుల్లోంచి కిందికి దిగిందంటే రేపు ఏ మేస్త్రీ ఏ జిగురు పూసినా నూనె రాసిన చేతికి స్టిక్కర్ అంటించినట్టే. తోలుకు కండిషనర్ రాస్తే మెత్తబడుతుందన్నదీ అంతే. కారు తోలు మీద రంగు పొర, దాని మీద పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ పొర ఉంటాయి. మనం పైన రాసింది పైనే మెరుస్తుంది, ఆ మెరుపు అద్దంలో ప్రతిబింబమై కళ్ళల్లో కొడుతుంది.

అసలు మీది తోలేనా అన్నది ముందు చూసుకోవాలి. మన దగ్గర "లెదర్ ఫినిష్" అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం రెగ్జిన్. ఆ పేరు ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గరి హైడ్ అనే ఊళ్ళో తయారైన ఒక నకిలీ తోలు గుడ్డ బ్రాండ్‌ది. కంపెనీని మనం మరిచిపోయి పేరును ఉంచుకున్నాం. నీటి చుక్క వేసి చూడమంటారు గానీ, పైన పొర ఉంది కాబట్టి నిజమైన తోలు కూడా చుక్కను పీల్చదు. జాలీ లేపి అంచు వెనక్కి తిప్పి చూడటమే దారి. వెనకవైపు నూగు నూగుగా పోగులు కనపడితే తోలు. అల్లిక గుడ్డ కనపడితే రెగ్జిన్. గుడ్డ లేకుండా ఫోమ్ తిన్నగా చర్మానికే అంటుకుని ఉంటే అది అచ్చులో పోసిన ప్లాస్టిక్ చర్మం. దాని మీది కుట్లు చాలాసార్లు అలంకారం కోసమే.

రెగ్జిన్ కూడా కుంచించుకుపోతుంది, కారణం వేరు. రెగ్జిన్ గుడ్డ మీది పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థాలు వేడికి మెల్లగా ఆవిరైపోతాయి. ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుగా, పొగమంచులా ఒక పొర పడుతుంది, ఎంత తుడిచినా మళ్ళీ వస్తుంది, గమనించారా? అందులో చాలావరకు మీ డ్యాష్‌బోర్డే. దాన్ని కొలవడానికి జర్మనీ వాళ్ళకు ఒక ప్రామాణిక పరీక్షే ఉంది. అలా సారం పోయిన రెగ్జిన్‌ను సాగదీద్దామంటే అట్టలా చిట్లుతుంది. నిజమైన తోలుకు ఉన్న ఒకే ఒక్క సుగుణం, దాన్ని కొంతవరకు బతిమాలవచ్చు.

బతిమాలడం అంటే ఏమిటో ఆ పెద్దాయన దగ్గర రెండు రోజులు కూర్చుని చూశాను.

మొదటి గంట జిగురు డబ్బా మూత కూడా తీయలేదు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించాను. ఎయిర్‌బ్యాగ్ చుట్టుపక్కల పని ఉన్నప్పుడు, అందులో మిగిలిన విద్యుత్తు దిగిపోయేదాకా కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. ఆయనకు ఇది చాదస్తంగా అనిపించింది, టీ తాగడానికి పోయాడు. తర్వాత అద్దం పక్క స్తంభాల ప్లాస్టిక్ కవర్లు, జాలీలు తీశాడు. అంచు నుంచి తోలును కొద్దికొద్దిగా ఎత్తుకుంటూ లోపలికి పోయాడు. ఎక్కడ పాత జిగురు ఇంకా గట్టిగా పట్టుకుని ఉందో అక్కడ ఆగిపోయాడు. "పట్టు ఉన్నదాన్ని కదపకూడదు" అన్నాడు. కింద ఫోమ్ పైపొర గోరు పెట్టి గీకితే పసుప్పచ్చ పొడిగా రాలింది. దాన్నంతా మొద్దు కత్తితో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచాడు. మా బావమరిది జిగురు ముద్దను తీయడానికే గంట పట్టింది. దాని కింద ఫోమ్‌లో గుంట పడింది. పలచటి కొత్త ఫోమ్ ముక్క కోసి ఆ గుంట పూడ్చాల్సి వచ్చింది.

ఆ తర్వాతది సాగదీసే పని. తోలు వెనకవైపు తడి గుడ్డతో అద్ది, చెమ్మ లోపలికి ఇంకేదాకా ఆగాడు. పక్కన హీట్ గన్ ఉన్నా ముట్టుకోలేదు, ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ వాడాడు. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి, అంతకు మించి వద్దు. ఎక్కువ వేడి పెడితే మనం విరుగుడు అనుకున్నదే మళ్ళీ రోగమవుతుంది, తోలు ఇంకా ముడుచుకుంటుంది. రెండు అరచేతుల మధ్య, చపాతీ పిండిని అంచులకు జరిపినట్టు, వెన్ను నుంచి అంచు వైపు మెల్లగా జరుపుతూ పోయాడు. గంటన్నరకు పావు అంగుళంలో సగం వచ్చింది. ఇంకా లాగమన్నాను.

"కుట్టు విచ్చుకుంటుంది సార్. లేని తోలు ఎక్కడి నుంచి తెచ్చేది?"

రాత్రంతా అలాగే పట్టీలు వేసి ఆరనిచ్చాడు. తడి తోలు మీద జిగురు పనికిరాదు. రెండో రోజు జిగురు. నేను ఆయన్ను అడిగింది ఒక్కటే, వేడికి తట్టుకునే రకం కావాలని. డబ్బా మీద ఎన్ని డిగ్రీల దాకా పట్టు ఉంటుందో రాసి ఉంటే చదవాలి, 70 లోపు ఉన్నది ఈ పనికి దండగ. డాలస్‌లో ఉండే మా కజిన్‌ను అడిగితే, పాత అమెరికన్ కార్ల పైకప్పు మీద రెగ్జిన్ అతికించడానికి వాడే జిగురు అక్కడివాళ్ళు దీనికి వాడతారని చెప్పాడు. టెక్సస్ ఎండలో కప్పు మీద నిలబడ్డది అద్దం కింద నిలబడుతుందన్న లెక్క.

ఆయన తోలుకు, ఫోమ్‌కు రెండిటికీ పలచగా బ్రష్‌తో పూసి, తలుపులన్నీ తెరిచి పెట్టాడు. ఆ వాసనలో కిటికీలు మూసుకుని పనిచేస్తే తల తిరుగుతుంది, పైగా అగ్గిపుల్ల గీస్తే అంటుకునే సరుకు. పొడి ఆరాక అసలు చిక్కు. ఈ జిగురు తాకిందంటే పట్టేస్తుంది, సర్దుకోవడానికి రెండో అవకాశం ఇవ్వదు. అందుకని మధ్యలో బటర్ పేపర్ పరిచి, తోలును పైన సరిగ్గా అమర్చుకుని, పేపర్‌ను అంగుళం అంగుళం లాగేస్తూ, లాగినచోటల్లా పల్లం అడుగు నుంచి అంచులకు రబ్బరు రోలర్‌తో అదుముతూ వచ్చాడు. పల్లం అడుగున ముందు పట్టాలి. అంచులు ముందు పడితే మళ్ళీ వంతెనే. వీడియోల్లో ఎక్కడా కనపడని సంగతి ఇదే అనుకుంటాను.

అంచులో తక్కువపడిన ముక్కకు అదే రంగు తోలు పట్టీ సన్నగా కోసి జాలీ కిందికి వచ్చేటట్టు జత చేశాడు. వెతికితే కనపడుతుంది. నేను వెతకడం లేదు.

తోలు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. దక్షిణాదిలో తోళ్ళు ఊనడానికి తరతరాలుగా వాడింది తంగేడు చెక్క. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడే, పువ్వు బతుకమ్మకు, బెరడు తోలుకు. ఆధునిక తోలు శాస్త్రంలో దేశానికి పెద్ద పేరు తెచ్చిన యలవర్తి నాయుడమ్మ గారిది తెనాలి దగ్గరి పల్లె. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా చేశారు, 1985 జూన్‌లో ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో పోయారు. మా నాన్న తరంలో చదువుకున్నవాళ్ళు ఆయన పేరు గర్వంగా తలచుకునేవారు. నేను ఈ బొబ్బ గొడవలో పడేదాకా, తోలు గురించి అంత చదవడానికి ఏముంటుందనుకునేవాణ్ణి. ఉంది. ప్రపంచంలో ఎక్కువ తోలును క్రోమియం లవణాలతో ఊనతారు. అది తడిగా ఉన్నప్పుడు మరిగే నీళ్ళకు కూడా తట్టుకుంటుంది, కానీ ఏళ్ళ తరబడి పొడి వేడిలో ముడుచుకుంటుంది. అందుకే డ్యాష్‌బోర్డు కోసం క్రోమియం లేకుండా వేరే రసాయనాలతో ఊనిన తెల్లటి తోలు వాడే తయారీదారులున్నారు, అది తక్కువ ముడుచుకుంటుందని. తక్కువ అంటే తక్కువే, అసలు ముడుచుకోదని కాదు.

ఇక మూడో బొబ్బ, ఎయిర్‌బ్యాగ్ మీదిది. పెద్దాయన అలవాటుగా దాని అంచు కూడా ఎత్తబోయాడు. ఆపాను. చిన్న మాట పట్టింపు అయింది. "నలభై ఏళ్ళుగా చేస్తున్నాను" అన్నాడు. నలభై ఏళ్ళ కింద మన కార్లలో ఎయిర్‌బ్యాగులు లేవు. ముందు సీటులో డ్రైవర్ పక్కవాళ్ళకు కూడా అవి తప్పనిసరి అయింది 2021లోనే. ఆ సంచి విచ్చుకోవడానికి పట్టేది సెకనులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ సమయం. ఆ లోపు అది డ్యాష్‌బోర్డు చర్మాన్ని చీల్చుకుని రావాలి. ఎక్కడ చీలాలో ముందే నిర్ణయించి, అక్కడ చర్మాన్ని వెనక నుంచి పలచబరిచి ఉంచుతారు, లేదా తెగిపోయేలా బలహీనమైన దారంతో కుడతారు. ఆ గీత మీద మనం ఇంకో పొర జిగురు, ఇంకో పట్టీ, గట్టి నైలాన్ దారం వేశామంటే, చీలాల్సిన చోట చీలకపోవచ్చు. ఆలస్యంగా చీలవచ్చు, పక్కకు చీలవచ్చు. అందుకే కారు లోపలంతా కొత్త తోలు తొడుగుతామనే దుకాణాల పని చూస్తే నాకు భయం. రంగు ఎంచుకోమంటారు, కుట్టు ఎంచుకోమంటారు, ఎయిర్‌బ్యాగ్ సంగతి మీరడిగితే తప్ప ఎత్తరు.

అదే ఎయిర్‌బ్యాగ్ మూత మీద మనం వెంకటేశ్వరస్వామిని డబుల్ టేపుతో అతికిస్తాం. నేనూ అతికించాను. కారు ఎక్కినప్పుడల్లా చెయ్యి జోడించే చోటది. కానీ ఆ మూత తెరుచుకున్న రోజు స్వామి ఎటు వస్తాడో ఆలోచించాక, మీటర్ల పక్కకు జరిపాను. టేపుతో పాటు పైరంగు పొర బెత్తెడు ఊడొచ్చింది.

ఇంతా రాశాక నా అసలు గొడవ చెబుతాను. ఈ ఎండల్లో డ్యాష్‌బోర్డుకు తోలెందుకు? సీటుకు తోలంటే ఒప్పుకుంటాను, ఒళ్ళు తగులుతుంది. స్టీరింగ్‌కు సరే, చేతులు తగులుతాయి. డ్యాష్‌బోర్డును ఎవరు తడుముతారు? షోరూమ్‌లో ఒక్కసారి, కొనేముందు. సేల్స్ కుర్రాడు మన చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టినంత పని చేసి "సాఫ్ట్ టచ్ సార్" అంటాడు. ఆ తర్వాత దాన్ని తాకేది దుమ్ము తుడిచే గుడ్డ.

మా నాన్న అంబాసిడర్‌లో ముందు అద్దం దాదాపు నిట్టనిలువుగా ఉండేది, దాని కింద చోటు బెత్తెడు. ఎండ పడాలన్నా పడటానికి స్థలం లేదు. ఇప్పటి కార్ల అద్దం ఏటవాలుగా పడుకుని, దాని కింద డ్యాష్‌బోర్డు వడియాలు పెట్టుకునేంత వెడల్పున పరుచుకుంది. వెడల్పు పెరిగినకొద్దీ దాన్ని ఖరీదుగా కనపడేలా చేయాల్సిన అవసరం కంపెనీలకు పెరిగింది. పాత కార్ల ఇనపరేకు డ్యాష్‌బోర్డులే మేలని మాత్రం అనను. గుద్దుకుంటే తల పగిలేది వాటికే. అమెరికాలో 1968 నుంచి కారు లోపలి భాగాలు తల తగిలితే దెబ్బను తగ్గించేలా ఉండాలని నిబంధన వచ్చింది. మెత్తటి ఫోమ్ అవసరం, దాన్ని కాదనేవాడు లేడు. ఆ ఫోమ్ మీద తోలు తొడగడం మాత్రం చూపు కోసమే.

"మేం బేస్‌మెంట్‌లో పెట్టుకుంటాం, మాకేం కాదు" అనే స్నేహితులున్నారు. ఇంటి దగ్గర బేస్‌మెంట్, సరే. ఆఫీసు దగ్గర? శ్రీశైలం కొండ మీద? పిల్లల కాలేజీ ముందు ఫీజు కట్టే క్యూ తెమిలేదాకా? అద్దాలకు నల్ల ఫిల్మ్ వేద్దామంటే సుప్రీం కోర్టు 2012లోనే వద్దంది. నాకు తెలిసినంతలో పనిచేసేవి రెండే. ఒకటి వెండిరంగు అట్ట, ముందు అద్దానికి లోపల పెట్టేది. క్యాబిన్ వేడి దానివల్ల పెద్దగా తగ్గకపోయినా తోలు మీద నేరుగా ఎండ పడదు. రెండోది డ్యాష్‌బోర్డు మీద గుడ్డ. లారీ డ్రైవర్లు కుచ్చులు పెట్టి పరుస్తారే, అదే. ఎయిర్‌బ్యాగ్ చోటు, జాలీల చోటు కోసేసి కుట్టించాలి. నాది ముదురు బూడిద రంగు, కుచ్చుల్లేవు. మా ఆవిడ దీన్ని చూసి, లక్షలు పోసి కొన్న తోలును మూడు వందల గుడ్డతో కప్పుకున్నావా అంది. ఔను.

ఈ ఏడాది రోహిణి కార్తె కూడా గడిచింది. అద్దం కిందిది నిలబడింది. మీటర్ల వంపు దగ్గరిది ఒక మూల గోరంత లేచింది, పెద్దాయనకు ఫోన్ చేస్తే వానలు పడ్డాక రమ్మన్నాడు. ఎయిర్‌బ్యాగ్ మీదిది అలాగే ఉంది, కొంచెం పెరిగింది కూడా. మా బావమరిది కారెక్కినప్పుడల్లా గుడ్డలో కోసిన ఆ చదరంలోకి బొటనవేలు పెట్టి నొక్కి చూస్తాడు.

"బావా, ఒక్క సూది."